ఊడిన పెచ్చు, ఉడకని పప్పు

యాకూబ్ వేసిన అతుకు ఏడాది తిరక్కముందే ఊడిపడింది.

సముద్రానికి కూతవేటు దూరంలో ఉప్పుదిబ్బ దర్గా ఉంది. జబ్బు చేసినవాళ్ళూ, ఇంట్లో మాటపడినవాళ్ళూ, ఊరికే గాలికి వచ్చినవాళ్ళూ దాని వసారాలో పడుకుంటారు. వసారాకి కాంక్రీటు శ్లాబు. పడవల పోలయ్య వాళ్ళ నాయన మొక్కుకుని వేయించాడు. ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి, ఉబ్బి, కిందివైపు సిమెంటుని నెట్టేస్తూ వచ్చాయి. అలా పెచ్చులూడిన చోటే యాకూబ్ పోయినేడు అతుకు వేశాడు. ఇప్పుడది తను ఊడటమే కాకుండా పక్కనున్న పాత కాంక్రీటుని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. చాటంత ముక్క. పడ్డప్పుడు కింద ఎవరూ లేరు. అది దేవుడి దయ, యాకూబ్ పనితనం కాదు.

యాకూబ్‌కి ఏడుపొక్కటే తక్కువ. దానికి కారణం ఉంది.

దర్గా గడపలో చాప వేసుకుని జమాల్ షా బాబా కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు ఆయనకి తమ కష్టం చెప్పుకుంటారు. ఆయన వింటాడు, ఒక మాట చెబుతాడు, ఒక్కోసారి అదీ చెప్పడు. బాబాకి వయసు మీదపడింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆయన తర్వాత ఆ గడపలో కూర్చోవాలని యాకూబ్ ఆశ. నెల్లూరులో బట్టల కొట్టు వదిలేసి వచ్చింది అందుకే. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాడు కూడా. బాబా కోప్పడలేదు, నవ్వలేదు. "ముందు ఆ కప్పు సంగతి చూడు బిడ్డా" అన్నాడు.

ఆశపడటంలో తప్పేమీ లేదు. యాకూబ్‌కి చదువుంది, గొంతుంది, భక్తి అయితే బిందెలకొద్దీ ఉంది. ఒకటే చిక్కు. బాబా ఊళ్ళో లేనప్పుడు ఒకాయన పంటినొప్పితో వస్తే, ఆత్మకి తన పుట్టింటి మీద ఉండే బెంగ గురించి పొద్దుగూకేదాకా చెప్పాడు. ఆయన దవడ పట్టుకునే విన్నాడు, దవడ పట్టుకునే వెళ్ళిపోయాడు. ఇంకోసారి బర్రె తప్పిపోయిందని ఏడుస్తూ వచ్చిన ముసలామెకి, ఈ లోకంలో ఏదీ మనది కాదని బోధించాడు. బర్రె మాత్రం ఆమెదే.

అతుకు వేసేటప్పుడూ అంతే, తన దగ్గరున్న వాటిలో మేలైనదే పెట్టాడు. ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. నమాజుకి ముందులా కాళ్ళూ చేతులూ కడిగి, వజూ చేసుకుని తాపీ పట్టాడు. దేవుడి పనిలో పిసినారితనం ఏమిటని ఇసుక తగ్గించి సిమెంటు గుమ్మరించాడు. నీళ్ళు దర్గా బావిలోంచి తోడాడు. ఆ నీళ్ళని జనం సీసాల్లో పట్టుకెళ్ళి జ్వరమొచ్చిన పిల్లల నుదుట రాస్తారు. నాలుక మీద చుక్క వేసుకుని కళ్ళు మూసుకుంటారు. కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే. అలాంటి నీళ్ళతో కలిపింది కూడా ఊడిపోతే ఇంక మనిషన్నవాడు ఏం చేస్తాడు?

"నా మనసులోనే ఏదో మురికి ఉంది బాబా" అన్నాడు యాకూబ్, ఊడిన ముక్కని ఆయన ముందు పెట్టి. "లేకపోతే ఎందుకు ఊడుతుంది?"

బాబా ముక్కని తిరగేసి చూశాడు. లోపలివైపు చువ్వ అచ్చు పడి ఉంది. ఆ గాడి నిండా ఎర్రటి తుప్పు. వేలితో కాస్త గీకి, ముక్కని పక్కన పెట్టాడు.

"మనసు సంగతి తర్వాత. ఆకలవతా ఉండాది. కందిపప్పు వండు."

"సరే బాబా. కాలవ అవతలికి పోయి మంచినీళ్ళు తెస్తాను."

"అంత దూరం ఎందుకు? మన బావి నీళ్ళు పొయ్యి."

దర్గాలో వంటకి ఎప్పుడూ కాలవ అవతలి మంచినీళ్ళే వాడతారు. ఎందుకని యాకూబ్ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు గురువే చెప్పాడు, పైగా దేవుడి దీవెన, బరకత్ ఉన్న నీళ్ళు. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన నాకెందుకు రాలేదా అనుకుంటూ సంతోషంగా పొయ్యి రాజేశాడు.

నీళ్ళు మరిగాయి. పప్పు కిందా మీదా పడింది. మళ్ళీ నీళ్ళు పోశాడు. సర్వి చెట్ల నుంచి ఎండుపుల్లలు తెచ్చి ఎగదోశాడు. పొగకి కళ్ళు మండాయి. ఎండ నడినెత్తికి వచ్చినా పప్పు వేసింది వేసినట్టే ఉంది. నాలుగు పలుకులు వేళ్ళతో నలిపి చూశాడు. నలగలేదు. అప్పటికి పోలయ్య చేపలిద్దామని వచ్చి, భోజనం వేళ కదా అని చొరవగా విస్తరి ముందు కూర్చున్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పోలయ్య దవడ ఆగిపోయింది.

"ఏంది సామీ ఇది, పప్పా, గులకరాళ్ళా?"

బాబా మాత్రం నింపాదిగా నమిలాడు. ఉన్న పళ్ళే తక్కువ, ఆ తక్కువతోనే నమిలాడు. మంచినీళ్ళు తాగి మింగాడు.

"బరకత్‌కేం, బాగానే ఉండాది" అన్నాడు. "పప్పే ఉడకలా."

పోలయ్య పొలమారేలా నవ్వాడు. యాకూబ్‌కి సిగ్గేసింది. తల దించుకోబోయి, ఎందుకో పైకి చూశాడు. ఊడిన చోట చువ్వలు ఎర్రగా కనిపిస్తున్నాయి. చూస్తూ చూస్తూ విస్తరి ముందునుంచి లేచి బావి దగ్గరికి వెళ్ళాడు. చేద గొలుసు పట్టుకున్నాడు. పోయిన ఉరుసుకి పోలయ్య కొత్తగా కొనిచ్చిన గొలుసు అది. చేతికి తుప్పు పొడి అంటింది.

తిరిగి వచ్చి బాబా ఎదురుగా నిలబడ్డాడు. ఆ బావి అంటే అతనికి ప్రాణం.

"అయితే ఈ నీళ్ళు మంచివి కావా బాబా?"

"ఎందుకు కావూ? జ్వరమొచ్చినోడి నుదుట తడిగుడ్డ వేస్తే వాడికి ధైర్యం వస్తాది" అన్నాడు బాబా. "ఇనుముకి ధైర్యం ఎందుకు బిడ్డా?"

మర్నాటి నుంచి యాకూబ్ మళ్ళీ పని మొదలుపెట్టాడు. ఈసారి ఉపవాసం లేదు. చద్దన్నం తిని నిచ్చెన ఎక్కాడు. ఉలీ సుత్తీ పట్టుకుని తన పాత అతుకులో మిగిలిందంతా కొట్టేశాడు. బయటికి బాగానే కనిపించిన చోట ఆపి దిగబోయాడు. బాబా చాపమీదనుంచి లేచి వచ్చి, తన చేతికర్ర పైకెత్తి, ఆ బాగున్న చోట పొడిచాడు. బోలుగా మోగింది. ఇంకో జానెడు అవతల పొడిచాడు. అక్కడా అంతే. యాకూబ్ ఇంకా కొట్టాడు. ఖణీమని మోగేదాకా కొట్టేసరికి మొదట అనుకున్నదానికి రెండింతలైంది గొయ్యి. చువ్వల వెనక్కి వేళ్ళు దూరేంత తవ్వి, ఇనుప కుంచెతో తుప్పంతా గీకాడు. చువ్వ తెల్లగా మెరిసేసరికి అతని మొహం ఎర్రమట్టి పూసుకున్నట్టయింది. అది చూసి బాబా మనసారా నవ్వాడు. యాకూబ్‌కీ నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత ఒళ్ళు తేలిగ్గా అనిపించింది.

నీళ్ళు కాలవ అవతలనుంచి కావడితో మోశాడు. మంచినీళ్ళతో గొయ్యంతా కడిగాడు. పోలయ్య ట్రాక్టరులో పెన్న ఇసుక తెచ్చి పోశాడు, కలపడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. యాకూబ్ బస్తా ఎత్తి సిమెంటు వంచుతూనే ఉన్నాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"అబ్బయ్యా, చాల్లే" అన్నాడు పోలయ్య.

"ఈసారి రాయైపోవాలి" అన్నాడు యాకూబ్.

బాబా చాపమీదనుంచే అడిగాడు. "కాడికి ఒక పక్క ముసలెద్దు ఉండాదనుకో. రెండో పక్క కోడెగిత్తను కడతామా పోలయ్యా?"

"కట్టొచ్చు సామీ. బండి కాలవలో ఉంటాది."

యాకూబ్ బస్తా దించాడు. తర్వాత పాత శ్లాబునుంచి రాలిన ఒక ముక్కని రాతిమీద పెట్టి చితక్కొట్టాడు. అరచేతిలో వేసుకుని ఊదాడు. ఇసుక ఎంతుందో, సిమెంటు ఎంతుందో వేలితో కదిపి కదిపి చూశాడు. పోలయ్య వాళ్ళ నాయన కాలంలో కలిపిన మనిషెవరో, వాడి చెయ్యి ఎలాంటిదో తెలుసుకుంటున్నట్టు చూశాడు. అప్పుడు పాతదానికి జోడు కుదిరేలా కుప్పలో ఇంకో నాలుగు పారల ఇసుక వేయమన్నాడు.

అతుకు వేశాక గోనెపట్టాలు తడిపి కిందినుంచి కర్రలతో అదిమిపెట్టాడు. అవి ఆరిపోకుండా రోజూ కావడి మోశాడు. భుజం కాయకాచింది. సాయంత్రాలు కవాలీ పాడటం కూడా మానేశాడు. గొంతు బాగాలేక కాదు, అలిసిపోయి. పాట వినడానికి వచ్చినవాళ్ళు కొంత నొచ్చుకున్నారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. పడవలు ఒడ్డెక్కాయి. వాన వదలకుండా కొట్టింది. వెలిసిన పొద్దున యాకూబ్ నిచ్చెన వేసుకుని అతుకు చుట్టూ తట్టి చూశాడు. అంతా ఒకేలా మోగింది. ఎక్కడ పాతది ఆగి కొత్తది మొదలైందో రంగుని బట్టే తెలియాలి. సంతోషం పట్టలేక నిచ్చెన మీదనుంచే, "బాబా, నిలిచింది!" అని అరిచాడు.

"ఊఁ" అన్నాడు బాబా.

అంతే. గడప మాట ఎత్తలేదు. యాకూబ్ ఎదురుచూశాడు. ఆ రోజు చూశాడు, ఆ వారమంతా చూశాడు. కాస్త బాధపడ్డాడు కూడా. మనిషన్నాక పడడా? తర్వాత వసారా చిమ్మడం, నీళ్ళు తేవడం, పప్పు ఉడికించడం, ఆ పనుల్లో పడి కొంత మరిచిపోయాడు. పప్పు మాత్రం మెత్తగా ఉడుకుతోంది.

ఒక బేస్తవారం నాడు ఆదెమ్మ వచ్చింది. పోలయ్య పడవమీద వేటకి పోయే కుర్రాడి పెళ్ళాం. భుజాన పసిపాప గుక్కపట్టి ఏడుస్తోంది. గడప ముందుకి వచ్చి నిలబడింది.

బాబా ఆమెవైపు చూశాడు. తర్వాత యాకూబ్ వైపు చూశాడు. చూసి, మోకాలికి నూనె రాసుకునే పనిలో పడ్డాడు.

తల్లి ఓర్పు గురించి యాకూబ్ దగ్గర ఒక గొప్ప మాట ఉంది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది, విన్నవాళ్ళ కళ్ళు చెమర్చాల్సిందే. అది పెదాల దాకా వచ్చింది. ఆదెమ్మ మొహం చూశాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. జుట్టు ముడి ఊడి వేలాడుతోంది. పాప వీపు మీద కొడుతున్న చెయ్యి మధ్యమధ్య ఆగిపోతోంది, మళ్ళీ ఉలిక్కిపడి కొడుతోంది.

యాకూబ్ ఆ మాటని మింగేశాడు.

"నీకేం కావాలమ్మా?" అన్నాడు.

ఆదెమ్మ తెల్లబోయింది. అలా అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేనట్టుంది.

"పాప రాత్రుళ్ళు కన్ను మూయనీదు సామీ. ఆయన వేటకి పోయుండాడు. అత్త మంచాన ఉండాది." ఆగి, సిగ్గుపడుతూ అంది. "కాసేపు ఎత్తుకుంటావా? ఒక్క కునుకు తీస్తా."

యాకూబ్ చేతులు చాపాడు. పసిపిల్లని ఎత్తుకోవడం అతనికి తెలియదు. తలకింద చెయ్యి ఎలా పెట్టాలో ఆమే చూపించింది. తర్వాత వసారాలోకి నడిచి, కప్పు కింద ఉత్తనేల మీదే కొంగు పరుచుకుని ఒరిగింది. తల ఆనిందో లేదో నిద్రపోయింది.

పాప యాకూబ్ గడ్డం గుప్పిట పట్టి లాగింది. ఏడ్చింది. అతను ఏ మంత్రమూ చదవలేదు. వసారా ముందు ఇసకలో అటూ ఇటూ నడుస్తూ, తల్లి నిద్ర చెడకుండా, గొంతులోనే ఏదో ఒకటి ఊఁ ఊఁ అంటూ తిరిగాడు. ఏడుపు ఎక్కిళ్ళయింది, ఎక్కిళ్ళూ సర్దుకున్నాయి. వెచ్చగా భుజం మీద వాలింది పాప. యాకూబ్‌కి కళ్ళు చెమర్చాయి.

బాబా గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. నూనె గిన్నె మూల పెట్టాడు. చేతికర్ర తీసుకుని, సముద్రంవైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఎండలో తిరగబాకు బిడ్డా. పోయి గడపలో కూర్చో. పాపకి గాలి తగల్తాది."