పళ్ళేలు కడిగే చోటు

తీతు నాలుగో పాస్టర్ల సదస్సుకి బయల్దేరేసరికి అతని మందిరంలో తొమ్మిది మంది మిగిలారు.

మూడేళ్ళ కిందట అతను ఆ లంకకి పాస్టరుగా వెళ్ళినప్పుడు అరవై మంది ఉండేవారు. చుట్టూ గోదావరి. ఆదివారం పొద్దున్నే నీళ్ళ మీంచి మంచు లేచి, కొబ్బరాకుల్లో కాసేపు ఆగి, ఎటో పోయేది. ఆ మంచులోంచి ముందు పాట వినబడేది. పడవ తర్వాత కనబడేది. అవతలి రేవు నుంచి వచ్చే ఆడవాళ్ళ పాట అది. ఇప్పుడు ఉత్త మంచే వస్తోంది.

తీతు చాలా ప్రార్థన చేశాడు. తర్వాత సదస్సులకి వెళ్ళడం మొదలుపెట్టాడు. రాజమండ్రిలో ఒకటి, విజయవాడలో రెండు. ప్రతిచోటా పెద్ద తెర, తెర మీద పైకి పోయే బాణం గుర్తులు, సూటు వేసుకున్న ప్రసంగీకులు. వాళ్ళు చెప్పిందల్లా రాసుకొచ్చి, వచ్చిన వారమే లంకలో అమలు పెట్టేవాడు. జనం ఇంకా తగ్గేవారు. మళ్ళీ సదస్సుకి పోయేవాడు.

ఈ నాలుగోదే ఆఖరు అనుకున్నాడు. ఇక్కడ కూడా దారి దొరక్కపోతే మందిరం తాళం సంఘపెద్ద చేతిలో పెట్టేసి, బావమరిది ఫోటో స్టూడియోలో చేరిపోవడమే. ఆ మాట ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా.

సదస్సు నర్సాపురం దగ్గర ఒక పాత మిషన్ బడిలో. మూడు రోజులు. కృపావరం అయ్యగారు కూడా వచ్చారు. తీతు ఐదేళ్ళు ఆయన ఇంట్లో ఉండి, ఆయన చాప మీదే కూర్చుని వాక్యం నేర్చుకున్నవాడు. ఆయనకి డెబ్బై దాటాయి. ప్రతి సదస్సుకీ వచ్చేవారు గానీ ఆయన హాల్లో కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. ఈ బడిలో వంటశాల వెనక, పొగడ చెట్టు కింద, పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అక్కడ పళ్ళేలు కడుగుతూ ఉండేవారు. పక్కన ఎవరో ఒక పాస్టరు ఉండేవాడు, పూటకొకడు. అందరూ అది ఆయన వినయం అనుకునేవారు.

మొదటిరోజు సాయంత్రం తీతు వెళ్ళి వందనాలు చెప్పాడు.

"అయ్యగారూ, నా సంఘం చల్లారిపోతోందండి. ఏం చేస్తే నిలబడుద్దో చెప్పండి."

"ఇవాళ లోపల ఏం చెప్పారు?"

తీతు పుస్తకం తీసి చదివాడు. ఎదిగే సంఘానికి ఏడు మెట్లు. ఐదో మెట్టు దగ్గరికొచ్చేసరికి అతని గొంతు అతనికే ఎక్కడో దూరంగా వినబడింది.

అయ్యగారు ఏడూ విన్నారు. "బాగున్నాయి," అన్నారు. "నీ పక్కన కూర్చున్నది ఎవరు?"

"తెలీదండి. ఎవరో. గురక పెట్టి నిద్రపోయారండి."

"రెండో పక్క?"

తీతు ఆలోచించాడు. ఒక తెల్లచొక్కా గుర్తుకొచ్చింది. మొహం రాలేదు.

అయ్యగారు చీకటి పడుతోందని లేచారు.

రెండోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తీతు మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. "నిన్న మీరు జవాబు చెప్పలేదండి," అన్నాడు, కొంచెం అలిగినట్టు.

అయ్యగారు చేతిలో కొబ్బరిపీచు అతని చేతిలో పెట్టారు. "నడుం నొప్పిగా ఉంది. ఇవి కానిచ్చెయ్యి," అని వెళ్ళి వంటశాల అరుగు మీద ఒరిగారు.

తొట్టికి అవతల ఒకాయన అప్పటికే తోముతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎండకి మాడిన మెడ.

"రండి తమ్ముడూ," అన్నాడు. "నిన్న మీ పక్కన గురక పెట్టింది నేనే. నా పేరు గిద్యోను. తెల్లారగట్ల లేచే అలవాటు, ఫ్యాను కింద కూర్చోబెడితే ఇంకేముంది."

తీతుకి నవ్వొచ్చింది. పీచు పట్టుకుని కూర్చున్నాడు. పొగడపూలు ఒక్కొక్కటే నీళ్ళలో రాలుతున్నాయి. పళ్ళెం ముంచితే అవి దూరంగా జరిగి, తీస్తే మళ్ళీ దగ్గరికొచ్చేవి.

"మీ దగ్గర ఎంతమంది వస్తారు?" అన్నాడు గిద్యోను.

సదస్సుల్లో అందరికీ చెప్పే మాటే నోటికొచ్చింది. "అరవై మందండి."

"గట్టివారే. మాకు ఇరవై. ఒకప్పుడు ఒక్కడే వచ్చేవాడు."

"ఎవరండి?"

"నేనే." గిద్యోను పళ్ళెం తిప్పి తోమాడు. "మాది సముద్రం పక్కన పల్లె. వల ఒడ్డుకొస్తే గానీ ఎవడూ ఖాళీగా ఉండడు. నేను పట్టుబట్టాను, దేవుడు ముందా వల ముందా అని. ఒక ఆదివారం ఒక్కణ్ణే నిలబడి గంటసేపు ప్రసంగం చేశాను. గోడ మీద బల్లి వింది. అదీ సగంలో లేచిపోయింది."

"తర్వాత ఏం చేశారండి?"

"ఇంకేం చేస్తాను, ఒడ్డుకెళ్ళాను. తిడదామనే వెళ్ళాను. ఎవరో తాడు చేతికిచ్చారు. లాగాను. చేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డునపడ్డాక వాళ్ళే అన్నారు, అయ్యగారూ పాట ఎత్తుకోండి అని."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ నీళ్ళలోకే చూస్తున్నారు. మబ్బు ఒకటి తొట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నడిచి పోయింది.

"అరవై కాదండి," అన్నాడు తీతు. "తొమ్మిది."

గిద్యోను తల ఎత్తలేదు. "ఎన్నింటికి మొదలెడతారు?"

"పదింటికండి. పదంటే పదే. వేళ పాటించని సంఘం ఎదగదని పోయినేడు రాజమండ్రిలో చెప్పారు. పదవగానే తలుపు గడియ పెట్టేస్తాను."

"జనం నడిచొస్తారా?"

"సగం మంది అవతలి రేవు వాళ్ళండి. పడవ మీద రావాలి. పోటుకి నీళ్ళుంటే తొమ్మిదిన్నరకే వచ్చేస్తారు. పాటు తీసి నీళ్ళు తగ్గాయంటే పడవ ఇసక మేట మీద కూర్చుంటది. నీళ్ళెక్కేదాకా ఆగాలి. ఒకోసారి పదకొండవుద్ది, ఒకోసారి పన్నెండు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పీచు నీళ్ళలో జారిపోయింది.

సలోమి మామ్మ కళ్ళ ముందుకొచ్చింది. మోకాళ్ళ దాకా తడిసిన చీరతో మేట మీంచి నడిచొచ్చి, మూసిన తలుపు పక్కన చూరు కింద కూర్చుని, లోపలి పాటకి పెదాలు కదుపుతూ. కిటికీలోంచి తను చూశాడు. వచ్చే వారం తొందరగా వస్తుందిలే అనుకుని ప్రసంగం కొనసాగించాడు. మరుసటి వారం ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. భక్తి తగ్గిందనుకున్నాడు. అదంతా ముక్కలు ముక్కలుగా గిద్యోనుకి చెప్పాడు.

"నాకు ముందు ఉన్న అయ్యగారు పడవ చూసి గంట కొట్టించేవారంట," అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు.

గిద్యోను నీళ్ళలో చెయ్యిపెట్టి పీచు వెతికి అతనికిచ్చాడు. "నా బల్లి సగంలో లేచిపోయింది," అన్నాడు. "మీ మామ్మ అంత దూరం నడిచొచ్చింది."

తీతు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముక్కు తుడుచుకుంటే చెయ్యంతా సబ్బు.

"ఇంకోటుంది అన్నా. ఈ ఆదివారం తాళం ఇచ్చేద్దామనుకున్నాను."

మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. అనేస్తే ఏదో విరిగిపోతుందనుకున్నాడు. పువ్వొకటి రాలింది, అంతే.

గిద్యోను పళ్ళెం కడిగాడు, వంచాడు, పక్కన పెట్టాడు.

"ఈ ఆదివారం పోటు ఎన్నింటికి?"

తీతు వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "పదకొండు దాటాకండి."

"అయితే నేనూ ఆ పడవలోనే వస్తాను, మామ్మని ఎక్కించుకుని. మావాళ్ళకి వల ఆరేసుకునే వారం అది, నన్ను వదులుతారు." గిద్యోను ఇప్పుడు తల ఎత్తి చూశాడు. "నాకు ఆలస్యమవుద్ది తమ్ముడూ. తలుపు తీసి ఉంచుతారా?"

తీతు జవాబు చెప్పబోయాడు.

అప్పుడే మధ్యాహ్నం కూటానికి గంట కొట్టారు. చెట్ల కింద కూర్చున్న పాస్టర్లందరూ పంచెలు దులుపుకుని, పుస్తకాలు చంకన పెట్టుకుని హాలు వైపు కదిలారు. తొట్టి పక్కన పళ్ళేలన్నీ కడిగేసి, వరసగా బోర్లించి ఉన్నాయి. ఎండకి మెరుస్తున్నాయి. చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. అలవాటు కొద్దీ ఇద్దరూ లేచి నిలబడ్డారు, మాట సగంలోనే వదిలి.

కృపావరం అయ్యగారు అరుగు దిగి వచ్చారు. తీతు మొహం చూశారు. గిద్యోను మొహం చూశారు. తర్వాత వంగి, బోర్లించిన పళ్ళేలు ఒక ఇరవై దాకా రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా తొట్టిలోకి దించారు.

"అయ్యగారూ," అన్నాడు తీతు, "అవి కడిగేసినవండి."

"తెలుసు," అన్నారాయన. "ఇంకోసారి కడగండి."