రేచన సభలో చెప్పిన మాట

"ఆచార్యా, లంచం ముట్టనివాణ్ణి ఎవరైనా లొంగదీసుకోగలరా?" అని నాగన అడిగాడు. మర్నాడు అతడు రాజసభలో సభ్యుడు కావలసి ఉంది. పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. అతడి గురువు అనంతశివాచార్యులకు వాదించే అలవాటు లేదు. ఆయన ఈ సంగతి చెప్పారు.

కుముదపురం సభలో రేచన అనే సభ్యుడుండేవాడు. నిప్పులాంటి మనిషి. ఆ నగరంలోని కొలుములకూ పొయ్యిలకూ బొగ్గంతా పొరుగున ఉన్న శిలాద్రి అడవుల నుంచే వచ్చేది. ఆ అడవులు కొట్టించడానికి శిలాద్రి రాజు కొండజనాన్ని తరిమేస్తున్నాడు. అడ్డుపడ్డ భర్తను సైనికులు చంపేస్తే, మాచక్క అనే ఆవిడ సరిహద్దు దాటి వచ్చి సభ వాకిట్లో కూలబడింది. రేచన స్వయంగా ఆమెను లేవదీశాడు. "నీ గోడు సభలో నేను చెబుతానమ్మా. ఆ రాజుతో పొత్తు వదులుకోమంటాను" అన్నాడు.

మరునాటి నుంచి బొగ్గు వర్తకుడు గుండిసెట్టి రేచన ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కానుకలేమీ తేలేదు. ఒకనాడు కమ్మరులను వెంటబెట్టుకొచ్చాడు. "బొగ్గు ఆగితే మా పిల్లలు పస్తులుంటారు బాబూ" అని వాళ్ళు ఏడ్చారు. అది నిజమే. ఇంకోనాడు శిలాద్రిలో చదువుకున్న పండితుణ్ణి తెచ్చాడు. ఆ రాజు అంత చెడ్డవాడు కాడని పండితుడు నిదానంగా వివరించాడు. భోజనాల వేళ కూడా అవే మాటలు. మాచక్కా వచ్చింది గాని, "అయ్యగారు పెద్దలతో మాట్లాడుతున్నారు" అని కాపలావాడు గుమ్మంలోనే ఆపేశాడు.

సభలో రేచన లేచి, "శిలాద్రి విషయంలో తొందర కూడదు. కొండజనం తగవు ఆ రాజ్యపు ఇంటి తగవు" అన్నాడు. పొత్తు నిలిచింది.

బయట మాచక్క ఎదురొచ్చింది. "నా గోడు చెబుతానన్నారు గదయ్యా?"

"అప్పుడు నాకు అసలు సంగతులు తెలియవమ్మా. ఇప్పుడు తెలిశాయి."

"ఎవరు చెప్పారయ్యా?"

మాచక్క కొండదారి పట్టింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

నాగన ఉండబట్టలేక, "అయితే గుండిసెట్టి ఇచ్చిందేమిటి? రేచన పుచ్చుకున్నదేమిటి?" అన్నాడు.

"చిల్లిగవ్వ పుచ్చుకోలేదు నాయనా" అన్నారు ఆచార్యులు. "సభలో చెప్పింది తన సొంత అభిప్రాయమేనని ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. నీ గురించి నా దిగులు అదే."