లచ్చుమమ్మ దాక్కున్న ఆట

వానలు మొదలైతే కొండ కింద అడవిలో ఎవరికీ పనుండదు. అందుకని జంతువులన్నీ వీడియో గేముల మీద పడ్డాయి. అక్కడ ఆటపెట్టెలు రెండు రకాలు. నక్క కనకయ్య అమ్మేది నల్లగా నిగనిగలాడే పెట్టె. బటన్లు గురివింద గింజలంత ఉంటాయి కాబట్టి దాన్ని కొన్నవాళ్లంతా నక్కలే. మిగతా అడవంతా ఆడేది గేదెల కొట్టంలో చేసిన మట్టిరంగు పెట్టె. దాని బటన్లు గిట్టలకు సరిపోతాయి.

ఆటలు తయారుచేసేది ఉడుత రవణమ్మ. ఈసారి ఆమె గేదె లచ్చుమమ్మ కోసం దాగుడుమూతల ఆట చేస్తోంది. పాపం లచ్చుమమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా దాక్కోలేకపోయింది. ఏ చెట్టు వెనక నిలబడ్డా ఇటు కొమ్ములు, అటు తోక కనబడేవి. రవణమ్మ ఆటలోనైతే ఎవరైనా సరే ఉడుతంతే ఉంటారు.

ఈ సంగతి కనకయ్య చెవిన పడింది. వానలో తడుస్తూనే రవణమ్మ తొర్ర దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, నీ తొర్ర కారుతోందటగా! కప్పు నేను వేయిస్తా. వానాకాలమంతా వేరుశనక్కాయలు పంపిస్తా. నీ ఆట మాత్రం నా పెట్టెలోనే రావాలి. కొట్టం పెట్టెలోకి రాకూడదు."

"అదేంటన్నా? అందులోకి మార్చడం నాకేం పెద్ద కష్టం కాదే!"

"కష్టమని కాదమ్మా. అక్కడ దొరక్కపోతే ఆట కోసం అందరూ నా పెట్టె కొంటారు."

రవణమ్మ చలికి వణుకుతున్న తన పిల్లల వైపు చూసింది. "సరే. కానీ నువ్వే వచ్చి నోరారా అడిగితే కొట్టం పెట్టెకీ ఇచ్చేస్తాను."

"నేనా? అడగటమా?" కనకయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

కబురు విని లచ్చుమమ్మ మొహం చిన్నబోయింది. "నా పెట్టె మందకొడిదనా, రవణమ్మా?"

"లేదక్కా, నీ పెట్టెకేం, బంగారం! మధ్యలో ఈ ఒప్పందం అడ్డొచ్చింది. పిల్లలు తడిసిపోతున్నారు, ఏం చెయ్యను?"

"పిల్లల కంటే ఆట ఎక్కువా? పోనీలే" అంది లచ్చుమమ్మ. అంది గానీ ఆ పూట నెమరు కూడా వేయలేదు.

ఆట విడుదలైంది. కనకయ్య కొట్టు ముందు వరస కట్టింది మళ్లీ నక్కలే. ఆశపడి వచ్చిన ఎద్దు ఒక్కసారి గిట్ట మోపేసరికి బటన్లన్నీ లోపలికి దిగిపోయాయి.

నక్కలు ఆటలో దిగి, ఎవరు వెతకాలో తేల్చడానికి పంటలు వేద్దామని గుండ్రంగా నిలబడ్డాయి. అరచేతులు అందరూ ఒక్కసారే చాపాలి కదా! పక్కవాడిది చూసి మార్చేద్దామని ఒక్క నక్కా ముందు చాపలేదు. ఎంతకీ తేలక, వెతికేవాడు లేకుండానే అందరూ పరిగెత్తి దాక్కున్నారు.

తెర మీద ఖాళీ అడవి. ఎంతసేపు చూసినా ఖాళీ అడవే. మొదట ప్రతి నక్కా "నన్నెవరూ పట్టుకోలేదోచ్!" అని మురిసిపోయింది. తర్వాత విసుగొచ్చింది. చివరికి "ఇదేం ఆటయ్యా, కదలదు మెదలదు!" అని పెట్టెలన్నీ తెచ్చి కనకయ్య గుమ్మంలో పడేశాయి.

కనకయ్య ఒకటే పరుగు. "చెల్లెమ్మా, మావాళ్లతో వేగలేను. తిన్నగా ఆడేవాళ్లు కావాలి. కొట్టం పెట్టెకీ ఇచ్చెయ్, అందరూ కలిసి ఆడేట్టు చెయ్యి!"

"నోరారా అడుగుతున్నావా?"

"అడుగుతున్నా తల్లీ!"

"అయితే పంటల్లేవు. మొదట వెతికేది నువ్వే."

కనకయ్య తలూపాడు. రవణమ్మ చకచకా ఆటను మార్చి కొట్టంలో పెట్టింది. లచ్చుమమ్మ ఆటలో పరుగున వెళ్లి ఒక గిజిగాడి గూట్లో దూరింది. కనకయ్య వెతికాడు, వెతికాడు. గేదె ఎక్కడ పడుతుందా అని గుహలూ, బండల వెనకలూ, చెరువు గట్టూ గాలించాడు. నెత్తి మీద ఊగుతున్న గూటి వంక కన్నెత్తి కూడా చూడలేదు.

కాసేపటికి కొట్టం అదిరిపోయేలా కేక వినిపించింది. "నేను దొరకలేదు! నేను దొరకలేదర్రా!"

నీతి: పదిమందిని బయట పెట్టి తలుపేసుకున్నవాడికి ఆట మిగులుతుంది గానీ ఆనందం మిగలదు.