తెల్ల మచ్చ నక్కపిల్ల

కొండమీది మఠంలో కూర్మయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. అక్కడే ఉంటున్న నీలవేణికీ అలాగే చెప్పారు.

తలకి గుడ్డ బిగించి కట్టుకుని, ఆయన కూర్చునే అరుగు కింద చేరి ఆమె అడిగింది: "గురువుగారూ, తలనొప్పికి వేసుకునే మాత్రలే నా తలనొప్పిని పెంచుతున్నాయట. మానెయ్యమంటున్నాడు డాక్టరు. మరి వంటింటి చంద్రమ్మత్త మోకాళ్ళకి రోజూ అవే మింగుతుంది, ఆవిడ తలకేం కాలేదే! నాకే ఎందుకు?" గొంతు తగ్గించింది. "మా అమ్మకీ ఇంతే. మింగి మింగి, ఇప్పుడు వెలుతురు పడక చీకటి గదిలోనే ఉంటుంది. ఆ గది నన్నూ పిలుస్తున్నట్టుంటుంది."

కూర్మయ్యగారు అడవి వైపు చూశారు. "గోడ అవతల తల్లి లేని నక్కపిల్లలు మూడున్నాయి. పొద్దువాలితే ఊళ పెడతాయి. ఇంత అన్నం ముద్ద విసురు, ఊరుకుంటాయి."

కుంకుమ నీళ్ళు ఒలికినట్టున్న ఆకాశం కింద నీలవేణి ముద్దలు విసిరింది. రెండు పిల్లలు తిని, మూతులు నాక్కుని పోయాయి. ఆ తరవాత వస్తే వచ్చేవి, లేకపోతే లేదు. మూడోది, గొంతు కింద తెల్ల మచ్చ ఉన్నది, మర్నాడు ఇంకాస్త పెందలాడే వచ్చింది. ముద్ద పడితే ఊరుకుంది. ఆ మర్నాడు ఇంకా ముందు. ముద్దలు పెరిగాయి, ఊళా పెరిగింది.

"ఏమే, ఆ నక్కకి నువ్వు మేనత్తవా? నా గిన్నె ఊడ్చేస్తున్నావు!" అని చంద్రమ్మ వెక్కిరించింది. "దీని తల్లీ ఇంతే. అదే మచ్చ, అదే గోడ. అరిచి అరిచి అక్కడే పోయింది."

ఒకనాడు ఎండ కొండ దిగకముందే ఊళ మొదలైంది. నీలవేణి గిన్నెతో గోడమీంచి తొంగిచూసి బిగుసుకుపోయింది. నిన్నటి ముద్దలు, మొన్నటివి, ముట్టకుండా పడున్నాయి, చీమలు పట్టి. వాటి మధ్య కళ్ళు మూసుకుని అది ఊళ పెడుతోంది. ఆకలి కాదు. లోపలెవరో కూర్చుని దాని గొంతుతో ఏడుస్తున్నట్టుంది. ఆ ఊళ ఆమె కణతల్లో మోగింది. తెలియకుండానే చెయ్యి కొంగుముడి విప్పింది. మాత్ర పెదవుల దాకా వచ్చింది.

ఊళ ఠక్కున ఆగింది. నక్కపిల్ల కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది.

మాత్ర పిడికిట్లో బిగించి ఆమె అరుగు దగ్గరికి పరుగెత్తింది. "ముద్ద వెయ్యకపోతే?"

"ముందు ఇంకా గట్టిగా అరుస్తుంది."

"తరవాత?"

ఆయన గోడ వైపు చూశారు. గోడ అవతల ఊళ మళ్ళీ లేచింది. నీలవేణి గిన్నె నేలమీద బోర్లించి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పిడికిట్లో మాత్ర చెమటకి కరుగుతోంది.

"తప్పు దానిదా, నాదా, గురువుగారూ?"

"మచ్చ తల్లిది," అన్నారు కూర్మయ్యగారు. "ముద్ద నీది."