కొలత తీసి కొన్న కారు

రేపల్లెలో కుట్టుమిషను నాంచారమ్మ పనిలో పులే గానీ, ఎదుటి మనిషిని నోరు తెరిచి ఒక్క మాట అడగాలంటే మాత్రం ఆమెకు మహా మొహమాటం.

పాలవాడు నీళ్ళు కలిపిన పాలు పోస్తే, "పోన్లే, వాడికీ పిల్లలున్నారుగా" అనుకునేది. పెళ్ళి భోజనంలో వద్దనలేక నాలుగో బొబ్బట్టు కూడా తినేసి, రెండురోజులు వాము నీళ్ళు తాగేది. "మీ ఆవిడ ఎంత మంచిదయ్యా!" అని అందరూ ఆమె భర్త ఏడుకొండలుతో అనేవాళ్ళు. "మంచిదే. ఆ మంచితనం ఖర్చే కాస్త ఎక్కువ" అని అతను నవ్వేవాడు.

చుట్టుపక్కల ఆరు బడులకు యూనిఫాంలు నాంచారమ్మే కుట్టేది. ఆ బడులన్నీ కృష్ణ ఒడ్డున లంక ఊళ్ళలో ఉన్నాయి. కిందటేడు మూటలు ఆటోలో వేసి పంపితే దారిలో వాన పట్టుకుంది. రెండొందల జతలు తడిసి ముద్దయ్యాయి. ఆ ఆరు బడుల బట్టలూ ఎవరు కుట్టాలో తేల్చే పెద్ద బడి హెడ్మిస్ట్రెస్ వకుళ మేడం మెత్తగానే చెప్పింది గానీ, గట్టి మాటే చెప్పింది. "ఈ ఏడాది బడి తెరిచే రోజుకి బట్టలు పొడిగా నా ముందుండాలి నాంచారమ్మా. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

నాంచారమ్మకు రోషం వచ్చింది. "ఈసారి నా సొంత కారులో, నేనే నడుపుకుంటూ తెస్తాను మేడం!" అనేసింది. అన్న మాట నిలబెట్టుకోవాలి కదా! నలభై మూడేళ్ళ వయసులో డ్రైవింగుకు చేరింది. మొదటిరోజు గేరు పడక గేదెల మంద మధ్యలో ఆగిపోయింది. చూసినవాళ్ళు నవ్వారు. ఆమె పళ్ళ బిగువున నేర్చుకుంది. రెండు నెలలు తిరిగేసరికి లైసెన్సు చేతికొచ్చింది. పన్నెండేళ్ళు మిషను తొక్కి దాచుకున్న డబ్బు బ్యాంకులో ఉంది. అది కొత్త కారుకు చాలదు, పాత కారుకు సరిపోతుంది.

ఫోనులో పాత కార్ల ప్రకటనలు చూస్తుంటే ఒక తెల్ల కారు తళతళలాడుతూ కనిపించింది. ధర చూస్తే సగానికి సగం! కావాలని మెసేజ్ పెట్టగానే అమ్మేవాడు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ గొంతు వింటుంటే మా పెద్దక్క గుర్తొస్తోంది. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు గానీ, కారు మీకే ఇవ్వాలనుంది. ఇరవై వేలు అడ్వాన్సు వేసేయండి. ఆదివారం మీ గుమ్మం ముందు పెడతాను" అన్నాడు.

కారు ఎక్కడుంది, ఒకసారి చూపిస్తావా, కాగితాలేవి అని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. నోరారా అక్కా అని పిలిచినవాణ్ణి ఎలా అడగడం? ఏమనుకుంటాడో! మారు మాట్లాడకుండా డబ్బు పంపేసింది.

ఆదివారం వచ్చింది, కారు రాలేదు. ఫోన్ చేస్తే మోగలేదు. ఏడుకొండలు ఒక్క మాట కూడా అనకుండా ఆమెను పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళి ఫిర్యాదు రాయించాడు. అతను ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. ఇంటికొచ్చి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు వకుళ మేడం జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. నాంచారమ్మ మెడలో వేలాడే టేపు తీసి కొలవబోయింది.

"నా కొలతలు పదేళ్ళుగా నీ పుస్తకంలోనే ఉన్నాయిగా! మళ్ళీ ఎందుకు? నా మీద నమ్మకం లేదా ఏం?" అని మేడం నవ్వింది.

"నమ్మకం లేక కాదు మేడం. మా సొంత చెల్లెలికైనా కొలవకుండా కత్తెర పెట్టను. కత్తెర పడ్డాక గుడ్డ మళ్ళీ అతుకుతుందా?"

ఆ మాట అనేసి నాంచారమ్మ టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరో తన నెత్తిన ఒక్కటి మొట్టినట్టయింది. పదేళ్ళ నుంచి మేడంని కొలుస్తూనే ఉంది. మేడం ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు. మరి కారు కొనేటప్పుడు కొలత ఎందుకు తీయలేదు? "ఓసి నా పిచ్చి మొహమా!" అని తనను తానే తిట్టుకుంది.

రెండోసారి ఆమె తెనాలిలో ఉన్న ఒక బూడిదరంగు కారును ప్రకటనలో చూసి పెట్టుకుంది. అది పశువుల డాక్టరుగా రిటైరైన చలపతిరావుది. "చూడకుండా పైసా కూడా పంపనండీ, పట్టపగలే వస్తాను" అని ఫోనులోనే చెప్పింది. తెలిసిన మెకానిక్ మస్తాన్‌ని ఏమేం చూడాలో ముందే అడిగి తెలుసుకుని, అతన్ని వెంటబెట్టుకుని, ఏడుకొండలుతో కలిసి వెళ్ళింది.

చలపతిరావు పెద్దమనిషి. ఆయన భార్య భ్రమరాంబ వేడివేడి పెసరట్లు వేసి పెట్టింది. "తిను తల్లీ, మొహమాటపడకు" అంది. కారు ముచ్చటగా ఉంది. నడిపి చూస్తే వెన్నలా సాగింది. నాంచారమ్మ గుండెల్లో పాత మొహమాటం మళ్ళీ లేచింది. వీళ్ళ ఉప్పు తిని వీళ్ళనే కాగితాలడగడమా? ఆమె సంచిలో చెయ్యి పెట్టి టేపు గట్టిగా పట్టుకుంది. అడగందే అమ్మైనా పెట్టదు అనుకుని లేచి నిలబడింది.

"డాక్టరు గారూ, ఏమీ అనుకోకండి. ఆర్సీ, ఇన్సూరెన్సు ఒకసారి చూడాలి. బండి మీద కొట్టిన ఇంజను, ఛాసీ నంబర్లు వాటితో మా మస్తాన్ సరిచూస్తాడు."

భ్రమరాంబ మొహం మాడిపోయింది. "ఇరవై తొమ్మిదేళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేసిన మనిషమ్మా ఈయన. దొంగ కారు అమ్ముతారా?" అంది.

నాంచారమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు. చలపతిరావు లోపలికెళ్ళి కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నంబర్లన్నీ సరిపోయాయి. కానీ ఆర్సీ మీద ఆయన పేరు కింద ఒక బ్యాంకు పేరు కూడా ఉంది.

"సార్, ఈ కారు మీద బ్యాంకు అప్పుందా?"

"అప్పా? నాలుగేళ్ళ కిందటే తీర్చేశానమ్మా!"

"మీరు తీర్చారు సార్. కాగితం మీద తీరలేదు. బ్యాంకు వాళ్ళు ఇచ్చే ఉత్తరం ఆర్టీవో ఆఫీసులో ఇస్తే గానీ ఈ పేరు పోదు. అది పోతేనే బండి నా పేరుకి మారుతుంది."

చలపతిరావు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "అవునే!" అని నాలుక కరుచుకున్నాడు. "సరే, నువ్వు డబ్బిచ్చి ఈ రోజే కారు తీసుకెళ్ళు. కాగితాల సంగతి నిదానంగా చూద్దాం. నిన్న ఒకతను వచ్చి ఏమీ అడక్కుండానే తీసుకుంటానన్నాడు" అన్నాడు.

బడులు తెరవడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఈ కారు చేజారితే ఆరు బడుల పనీ చేజారినట్టే. ఏడుకొండలు భార్య వైపు చూశాడు. నాంచారమ్మ కాగితాలు చలపతిరావు చేతికే తిరిగి ఇచ్చేసింది. ఆమె మాట తొణకలేదు.

"ఆయనకే ఇచ్చినా నేనేమీ అనుకోను సార్. కానీ పేరు మారకుండా తాళం మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆయన రేపు ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మీ గుమ్మంలోకి. నేను అడిగేది నా కోసమే కాదు, మీ కోసం కూడా."

ఉన్నట్టుండి చలపతిరావు పకపకా నవ్వాడు.

"చూశావటే భ్రమరా! నా సర్వీసంతా పళ్ళు చూడకుండా ఏ గేదె వయసూ రాయలేదు. నా కారు పళ్ళు మాత్రం నేనే చూసుకోలేదు! ఈ కారు ఈ అమ్మాయికే. ఎవరు వచ్చినా ఇవ్వను" అన్నాడు. భ్రమరాంబ ఇంకో పెసరట్టు తెచ్చి నాంచారమ్మ పళ్ళెంలో వేసింది. ఈసారి నాంచారమ్మ, "చాలండీ, ఇంక తినలేను" అని నవ్వుతూ చెప్పింది.

చలపతిరావు మర్నాడే బ్యాంకుకు వెళ్ళాడు. ఉత్తరం వచ్చింది. అందరూ కలిసి ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టారు. నాంచారమ్మ డబ్బు బ్యాంకులోనే ఆయన ఖాతాలో వేసి రసీదు తీసుకుంది. బడి తెరవడానికి రెండురోజుల ముందు తన పేరు అచ్చయిన ఆర్సీ చేతికొచ్చింది. దాన్ని ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే జల్లు పడింది. లంక దారంతా బురద. పెద్ద బడి గేటు ముందు బూడిదరంగు కారు వచ్చి ఆగింది. పిల్లలు చుట్టూ మూగారు. డ్రైవరు సీట్లోంచి మెడలో టేపుతో నాంచారమ్మ దిగింది. ఆ క్షణం ఆమె కాళ్ళు భూమ్మీద ఆనలేదు. వెనక తలుపు తీస్తే మూటలన్నీ పెట్టినవి పెట్టినట్టే పొడిగా ఉన్నాయి.

వకుళ మేడం ఒక చొక్కా తీసి చెంపకు ఆనించి చూసింది. "శభాష్ నాంచారమ్మా! ఇంకో రెండు బడులకి కూడా నేనే చెబుతాను. ఆరు కాదు, వచ్చే ఏడాది ఎనిమిది బడులు నీవే" అంది.

ఆ వారంలోనే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా నాంచారమ్మా, మా బావమరిది పాత కారు కొంటున్నాడు. వాడికి అడగడం రాదు. నువ్వొకసారి రావాలి" అన్నాడు చలపతిరావు. ఏడుకొండలు ఆ సంగతి వీధివీధినా చెప్పుకున్నాడు. మర్నాడు పాలవాడు వస్తే నాంచారమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "తమ్ముడూ, పాలలో నీళ్ళెన్ని పోశావు?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పెరుగు గడ్డగా తోడుకుంది.

నీతి: అడిగి చూసుకోవడం ఎదుటివాణ్ణి అవమానించడం కాదు, అమ్మేవారికీ కొనేవారికీ అదే రక్ష. మొహమాటంతో మూసుకున్న నోరే మోసగాడికి తెరిచిన తలుపు.