ఖాళీ ఫోల్డర్లు, చల్లారిన పొయ్యి

సన్యాసిరావుకి ఆ పేరు పుట్టినప్పుడే వచ్చింది. సన్యాసం మాత్రం విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం మానేశాకే వచ్చింది. అందుకే భీమిలి దగ్గర కొండమీది ఆశ్రమంలో చేరగానే పూర్ణబోధ స్వామి అతనికి ఉత్తరాల పని అప్పజెప్పారు.

ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. కష్టం చెప్పుకుని ఎవరు రాసినా జవాబు వెళ్ళాలి. స్వామి చెబుతారు, శిష్యుడు రాస్తాడు. ఈమధ్య ఉత్తరాలన్నీ ఈమెయిల్లోనే వస్తున్నాయి. ఇదివరకు ఆ పని చూసిన శిష్యులు తలా కొన్ని ఫోల్డర్లు తెరిచి, ఎవరికి తోచినట్టు వాళ్ళు సర్దేసి వెళ్ళారు. ఇప్పుడు అందులో ఏది ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి.

మొన్న టెక్కలి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "రాసి రాసి అలిసిపోనాను బాబూ. మీ స్వామి మాలాటోళ్ళకి జవాబియ్యరా?" అంది. ఆవిడ మెయిల్ ఎంత వెతికినా దొరకలేదు. సన్యాసిరావుకి తలకొట్టేసినట్టయింది.

దాంతో ఒక ఏఐ అసిస్టెంట్‌ని పనిలోకి దించాడు. అది చిటికెలో ఖాళీ ఫోల్డర్లన్నీ ఏరి చూపించింది. కానీ ఒక్కొక్కదానికీ "తొలగించమంటారా?" అని అడగడం మొదలుపెట్టింది. సన్యాసిరావుకి విసుగొచ్చి స్వామి దగ్గరికి వెళ్ళాడు.

స్వామి వంటశాలలో ఉన్నారు. వంటామె కూతురి పురిటికి వెళ్ళడంతో కొన్నాళ్ళుగా పెద్ద పొయ్యి వెలగలేదు. ఇవాళ భక్తులు వస్తున్నారని స్వామే కట్టెలు సర్దుతున్నారు.

"స్వామీ, అది మహా తెలివైనది. కానీ ప్రతిదానికీ నన్ను అడుగుతోంది. అడక్కుండా చెరిపేయమని అనుమతి ఇచ్చేస్తే సాయంత్రానికల్లా అంతా శుభ్రమైపోతుంది. ఇచ్చేయనా?"

"ఏం చెరుపుతుంది?"

"ఖాళీవే స్వామీ. ఒక్క ఉత్తరం కూడా లేనివి."

"నువ్వు చూశావా?"

"చూశాను. పక్కన సున్నా అని ఉంది."

స్వామి అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టారు. "పొయ్యి ముట్టించు నాయనా."

సన్యాసిరావు వంగి చూశాడు. బూడిద తప్ప ఏమీ కనపడలేదు. ఎండు తాటాకు దోపి, పుల్ల గీశాడు. తాటాకుకి అంటించబోతుంటే స్వామి అతని మణికట్టు పట్టుకుని, ఉఫ్ అని పుల్ల ఆర్పేశారు.

తర్వాత తాటాకు లాగేసి, నేలమీద కూర్చుని, భుజం దాకా పొయ్యిలోకి చెయ్యి పోనిచ్చారు. చెయ్యి బయటికొచ్చేసరికి అందులో బూడిద కొట్టుకున్న పిల్లిపిల్ల ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు. మళ్ళీ చెయ్యి పెట్టారు. ఇంకోటి వచ్చింది. ఆ వెనక మరొకటి.

సన్యాసిరావు అగ్గిపెట్టె దూరంగా పెట్టేశాడు.

"లోపల ఇవి ఉన్నాయని మీకు తెలుసా స్వామీ?"

"తెలీదు," అన్నారు స్వామి, పిల్లల్ని ఉత్తరీయంలో పెట్టుకుంటూ. "తెలీదు గనకే చెయ్యి పెట్టాను."

సన్యాసిరావు గదికి వెళ్ళి అసిస్టెంట్‌కి ఇలా రాశాడు: "ఏదీ చెరపకు. ఒక్కొక్కటీ అడుగుదాకా తెరిచి, లోపల ఏముందో చూపించు."

చాలావరకు నిజంగా ఖాళీవే. అవి చెత్తబుట్టలోకి వెళ్ళాయి. ఆ బుట్టను మాత్రం సన్యాసిరావు తన కళ్ళతో చూసుకుని తనే పారబోశాడు. 'పాతవి' అన్న ఫోల్డర్ దగ్గర మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది. పైన సున్నాయే. దాని లోపల మరో ఫోల్డర్, దాని లోపల ఇంకొకటి. ఆ ఆఖరిదానికి ఏ శిష్యుడో 'తీరిగ్గా జవాబు రాయాలి' అని పేరు పెట్టాడు. దాన్నిండా ఉత్తరాలే. టెక్కలి ఆవిడవీ అందులోనే ఉన్నాయి. ఆ శిష్యుడు చేసిపెట్టి వెళ్ళిన అమరిక వల్ల, వాళ్ళు మళ్ళీ ఎన్నిసార్లు రాసినా మెయిల్ తనంతట తానే వాటిని అందులోకి పంపేస్తోంది.

కంప్యూటర్ ఎత్తుకుని స్వామి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ మొదటి ఉత్తరం చదివి వినిపించాడు.

"నా కొడుకు పోయేముందు వాడితో మాటాడ్డం మానేసినాను స్వామీ. వాడే ముందుగాల వచ్చి మాటాడాలని పంతం పట్టినాను. వాడు నన్ను క్షమించేడో లేదో నాకెవరు సెప్తారు?"

స్వామి పిల్లిపిల్లల్ని పక్కన పెట్టి దగ్గరికి జరిగారు. సన్యాసిరావు వేళ్ళు మీటల మీద ఉంచి, ఆయన చెప్పబోయే గొప్ప మాట కోసం చూస్తున్నాడు.

"రాయి," అన్నారు స్వామి. "అమ్మా, ముందు నువ్వు మమ్మల్ని క్షమించు."