లోపలి గొంతు

అడుక్కునేవాళ్ళలో ఎవరికి పెట్టాలి, ఎవరిని పొమ్మనాలి అన్నది దస్తగిరికి పెద్ద చిక్కయి కూర్చుంది.

అతనిది అత్తరు అంగడి. అంగడీ ఇల్లూ దర్గా పక్క వీధిలోనే కావడంతో వాళ్ళ రాక ఎక్కువ. నడవలేనట్టు దేక్కుంటూ వచ్చి రొట్టె పట్టుకుపోయినవాడు సందు మలుపులో లేచి చకచకా నడిచిపోవడం ఒకసారి కళ్ళారా చూశాడు. అప్పటినుంచి భార్య ఖాజాబీకి గట్టిగా చెప్పిపెట్టాడు. ఎవరొచ్చినా ముందు ఊరూ పేరూ అడగాలి, పనెందుకు చేసుకోవడం లేదో అడగాలి, సరిగ్గా చెబితేనే పెట్టాలి. ఆమెకు మనసొప్పేది కాదు. అయినా అడిగేది.

ఇప్పుడు వీధివాళ్ళు అడుక్కునేవాళ్ళు రాకుండా సందు మొదట్లో గేటు పెట్టిద్దామంటున్నారు. ఇక దస్తగిరి కూడా సరేనంటే పని మొదలవుతుంది. అతను తేల్చుకోలేక గురువు కరీముల్లా షా దగ్గరికి వెళ్ళి, నిజంగా లేనివాణ్ణి గుర్తుపట్టడం ఎలాగని అడిగాడు.

గురువు తన కంబళి తీసి అతని భుజాల మీద కప్పాడు. తన భిక్షపాత్ర చేతికిచ్చాడు.

"మీ వీధికే వెళ్ళి అడుగు. చివర మీ ఇంటి ముందు నిలబడు."

దస్తగిరికి సిగ్గేసింది. తెలిసినవాళ్ళు నవ్వుతారనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు వీధిలోకి వచ్చాడు.

ఎవరూ నవ్వలేదు. వారం వారం అతనికి గడ్డం గీసే నబీసాబు అతని ముఖంలోకి సూటిగా చూసి, చేతులు ఖాళీ లేవు, పైకెళ్ళమన్నాడు. రోజూ అతని చేతి రొట్టె తినే కుక్క గుర్రుమంటూ వెనక్కి వెనక్కి జరిగింది. అతను పుట్టినప్పుడు నీళ్ళు పోసిన హుసేన్‌బీ మాత్రం ఏమీ అడక్కుండా రొట్టె వేసింది. వేసి, అతని చెంప నిమిరింది.

"నీకెవరూ లేరా నాయనా?"

నేను దస్తగిరినని చెప్పబోయాడు. నోరు కదిలింది గానీ మాట రాలేదు.

చివరికి తన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఖాజాబీ అన్నం గిన్నెతో బయటికొచ్చింది. గరిటె ఎత్తింది. అంతలో ఇంట్లోంచి ఒక మగగొంతు వినిపించింది.

"ముందు ఊరు అడుగు."

అది దస్తగిరి గొంతే.

ఆమె గరిటె దించి, ఊరు అడిగింది. అతనికి తన ఊరు గుర్తు రాలేదు. పేరు అడిగింది. అదీ గుర్తు రాలేదు. ఆమె తల పక్కనుంచి లోపలికి చూశాడు. దీపం కింద, తను కూర్చునే చోట, ఎవరో ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు.

"చెప్పలేడు. దొంగవాడు," అంది ఆ గొంతు. "తలుపెయ్."

ఖాజాబీ కళ్ళు దించుకుని తలుపు వేసింది.

దస్తగిరి ఎలా తిరిగొచ్చాడో అతనికే తెలియదు. గురువు కంబళి తీసుకున్నాక గానీ అతనికి మాట రాలేదు. జరిగిందంతా చెప్పాడు. లోపలున్నది ఎవరని అడిగాడు.

గురువు కంబళి దులిపి మడత పెట్టుకున్నాడు.

"ఆయనెవరో నువ్వు కనుక్కో," అన్నాడు. "గడప బయట నిలబడ్డవాళ్ళు ఎవరన్నది దేవుడు చూసుకుంటాడు."